ముందే వదులుకోవాల్సిన ట్రిక్కు

నలుగురు ఇద్దరిద్దరు జోడీలుగా ఆడే పేకాట కాంట్రాక్ట్ బ్రిడ్జ్‌లో తలా ఒక ముక్క వేసే ప్రతి వరుసా ఒక ట్రిక్కు. ఇన్ని ట్రిక్కులు గెలుస్తామన్న ఒప్పందం కాంట్రాక్ట్, దాన్ని ఆడేవాడు డిక్లేరర్, బల్ల మీద తెరిచి పరచిన అతని పార్ట్‌నర్ చేయి డమ్మీ. ఈ ఆట నేర్చుకునేవారికి డిక్లేరర్ పాఠాలు దాదాపు ఎక్కడైనా ఒకే వరుసలో వస్తాయి. ముందు గెలిచే ట్రిక్కుల లెక్క, తరువాత ఫినెస్ (పెద్ద ముక్క ఫలానా ప్రత్యర్థి దగ్గర ఉందని ఊహించి, దానికంటే చిన్న ముక్కతో గెలవజూడటం), ఆ తరువాత పొడుగు రంగులో చిన్న ముక్కలను గెలిపించుకోవడం, డమ్మీలో తురుపుతో కోయడం, ఎండ్‌ప్లే (ప్రత్యర్థికి ట్రిక్కు ఇచ్చి, మనకు లాభించే ముక్కను అతనితోనే ఆడించడం), అన్నీ అయ్యాక చిట్టచివరన స్క్వీజ్. ఆ వరుసను నేను చాలా ఏళ్ళు మారుమాట లేకుండా నమ్మాను. స్క్వీజ్ అనేది ఆటలో ఆరితేరినవారికి మాత్రమే అందే విద్య అనీ, నా వంటివారు ఆ అధ్యాయాన్ని గౌరవంగా పక్కన పెట్టి ఫినెస్‌లు సరిగా వేసుకుంటే చాలుననీ అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ అభిప్రాయం పూర్తిగా మారింది. స్క్వీజ్‌లో కష్టమైన నిర్ణయం చివరి మూడు నాలుగు ముక్కల దగ్గర ఉండదు. ఎటూ పోయే ట్రిక్కును ఎప్పుడు ఇచ్చేయాలి అన్న ప్రశ్న దగ్గర, అంటే ఆట మొదటి రెండు మూడు ట్రిక్కుల్లోనే ఉంటుంది. ఆ నిర్ణయానికి కావలసింది గెలిచే ట్రిక్కులను లెక్కపెట్టగలగడమే కనుక, స్క్వీజ్‌ను పాఠాల వరుసలో చాలా ముందుకు తీసుకురావాలని నా వాదన.

స్క్వీజ్ అంటే ఏమిటో ముందు తేటగా చెప్పుకోవాలి. ఒక ప్రత్యర్థి రెండు రంగుల్లో మీకు అడ్డుగా కాపలా కాస్తున్నాడనుకోండి. మీరు మూడో రంగులో గెలిచే ముక్క ఆడతారు. అతని దగ్గర ఆ రంగు లేదు, ఏదో ఒక ముక్క పారవేయక తప్పదు, పనికిరాని ముక్కలన్నీ అప్పటికే అయిపోయాయి. రెండు కాపలాల్లో ఏది వదిలినా, మీ చేతిలోనో డమ్మీలోనో అప్పటిదాకా ఓడిపోవలసిన ముక్క ఒకటి గెలిచే ముక్క అవుతుంది. ఫినెస్ వేసేటప్పుడు రాజు ఎవరి చేతిలో ఉన్నాడో ఊహించాలి, ఆ ఊహ సగం సార్లు తప్పుతుంది. స్క్వీజ్‌లో రాజు ఉన్న చేతే రాజును వదులుకునే పరిస్థితి తెస్తాం. ఈ తేడాయే నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది.

నాకు ఇది మొదటిసారి అర్థమైంది యాభై రెండు ముక్కలతో కాదు, పన్నెండు ముక్కలతో. పేకలోంచి పన్నెండు ముక్కలు ఏరి, బల్ల మీద నాలుగు దిక్కులా మూడేసి చొప్పున తెరిచి పెట్టండి. డమ్మీలో ఇస్పేటు ఆసు, జాకీ, ఆటీను 2. మీ చేతిలో ఇస్పేటు 3, ఆటీను రాజు, డైమను ఆసు. మీకు ఎడమవైపున, అంటే పడమర కూర్చున్న ఆటగాడి దగ్గర ఇస్పేటు రాజు, రాణి, ఆటీను ఆసు. తూర్పు దగ్గర మూడు కళావర్లు. ఆట నో ట్రంప్ (తురుపు లేని ఆట), ఆడే వంతు మీది, మూడు ట్రిక్కులూ మీకే కావాలి. పైకి చూస్తే మీ దగ్గర గెలిచేవి రెండే, ఇస్పేటు ఆసు, డైమను ఆసు. డైమను ఆసు ఆడండి. పడమర ఆటీను ఆసు పారవేస్తే మీ రాజు గెలుస్తాడు. ఇస్పేటు పారవేస్తే డమ్మీలో ఆసుతో పాటు జాకీ కూడా గెలుస్తుంది. డమ్మీ నుంచి మీరు ఆటీను 2 నిశ్చింతగా పారవేయవచ్చు, దానితో ఇక పని లేదు.

ఇప్పుడు తూర్పు, పడమరల ముక్కలు అటూ ఇటూ మార్చి మళ్ళీ ఆడండి. ఫలితం మారదు. ఎవరి చేతిలో ఆ మూడు ముక్కలున్నా వారు చిక్కుకుంటారు. తరువాత ఇంకొక్క మార్పు చేయండి. ఆటీను రాజును డమ్మీలోకి, ఆటీను 2ను మీ చేతిలోకి మార్చండి. కాపలా ముక్కలు పడమర దగ్గర ఉన్నంతవరకు స్క్వీజ్ ఇదివరకటిలాగే పనిచేస్తుంది, ఎందుకంటే పడమర ఏది పారవేశాడో చూసిన తరువాతే డమ్మీ నుంచి ఏది పారవేయాలో మీరు నిర్ణయిస్తారు. అవే ముక్కలు తూర్పు దగ్గర ఉంటే మాత్రం ఆట తిరగబడుతుంది. డమ్మీ తూర్పు కంటే ముందు పారవేయాలి. అక్కడ మిగిలినవన్నీ విలువైన ముక్కలే. మీరు ఇస్పేటు జాకీ వదిలితే తూర్పు ఇస్పేటు వదులుతాడు, ఆటీను రాజును వదిలితే అతను ఆటీను ఆసును వదులుతాడు. స్క్వీజ్‌కు గురయ్యేది మీ డమ్మీయే. ఒకటి ఇరువైపులా పనిచేసేది, రెండోది ఒకవైపే పనిచేసేది అనే రెండు రకాలకు పుస్తకాల్లో వేర్వేరు పేర్లున్నాయి. ఆ పేర్లు కంఠస్థం చేసినప్పుడు నాకు ఏమీ ఒంటబట్టలేదు. ఒక రాజును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చి నాలుగుసార్లు ఆడినప్పుడు మాత్రం ఆ తేడా మరచిపోలేనంతగా మనసులో నిలిచిపోయింది.

ఆ పన్నెండు ముక్కలతో చేయవలసిన పరీక్ష ఇంకొకటి ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. మొదటి అమరికకే తిరిగి వచ్చి, ప్రతి చేతికీ ఒక చిన్న కళావరు అదనంగా చేర్చండి. ఇప్పుడు నాలుగేసి ముక్కలు, గెలిచేవి మళ్ళీ రెండే, పోయేవి రెండు. డైమను ఆసు ఆడితే పడమర ఆ కళావరును పారవేసి ఊరుకుంటాడు. అతనికి ఊపిరి పీల్చుకునే చోటు ఒక్కటి దొరికింది, స్క్వీజ్ మాయమైంది. మీకు మిగిలిన ట్రిక్కుల్లో పోయేది సరిగ్గా ఒక్కటే అయి ఉండాలి అన్న సూత్రం పుట్టేది ఇక్కడే. రెండు పోయేటట్లుంటే, వాటిలో ఒకదాన్ని ముందుగానే ప్రత్యర్థులకు ఇచ్చేసి, వారి చేతుల్లోని ఆ ఒక్క ఖాళీ ముక్కనూ తీసేయాలి. తక్కిన షరతులన్నీ, రెండు బెదిరింపు ముక్కలు (ప్రత్యర్థి కాపలా వదిలితే గెలిచేవి) ఉండటం, వాటిలో ఒకటైనా సరైన వైపున ఉండటం, ఆ ముక్క దగ్గరకు చేరడానికి దారి ఉండటం, ఇవన్నీ బల్ల మీద కనిపించేవే. పోయే ట్రిక్కు లెక్క ఒక్కటే మనం చేతులారా సరిచేయవలసినది.

నాకు ఈ పాఠం చెప్పిన చేతిని ఇక్కడ పూర్తిగా పెడుతున్నాను. ఒకే పంపకాన్ని చాలా బల్లల మీద ఆడి స్కోర్లు పోల్చే ఒక జోడీల పోటీలో నేను దక్షిణాన కూర్చుని ఆరు నో ట్రంప్ ఆడాను, అంటే తురుపు లేకుండా పదమూడింటిలో పన్నెండు ట్రిక్కులు చేయాలి.

డమ్మీ: ఇస్పేటు ఆసు, రాజు, రాణి, 4, ఆటీను రాజు, 9, 7, 4, డైమను 8, 3, కళావరు 7, 6, 2.

నా చేయి: ఇస్పేటు 7, 5, 3, ఆటీను ఆసు, 6, డైమను ఆసు, రాజు, రాణి, జాకీ, 10, కళావరు ఆసు, 10, 5.

పడమర కళావరు రాజుతో లీడ్ చేశాడు, అంటే ఆటలో మొదటి ముక్కగా దాన్ని ఆడాడు. ఇస్పేటులో మూడు, ఆటీనులో రెండు, డైమనులో అయిదు, కళావరులో ఒకటి, మొత్తం పదకొండు ట్రిక్కులు ఖాయంగా ఉన్నాయి. పన్నెండోది ఇస్పేటు 4 నుంచి రావాలి. ప్రత్యర్థుల దగ్గర ఆరు ఇస్పేట్లున్నాయి, అవి మూడూ మూడుగా పంచుకుని ఉంటే నాలుగో ఇస్పేటు గెలుస్తుంది. ఇంతవరకు ఆలోచించి, రాజు మీద ఆసు వేసి మొదటి ట్రిక్కు తీసుకున్నాను. స్లామ్ (పన్నెండో పదమూడో ట్రిక్కుల కాంట్రాక్ట్) ఆడుతూ మొదటి ట్రిక్కే ప్రత్యర్థికి వదలడం అనే ఊహ నా తలలోకి రానేలేదు. ఆటీనులూ డైమన్లూ ఆడి, ఇస్పేటు ఆసు, రాజు, రాణి తీశాను. తూర్పు మూడో ఇస్పేటుకు వేరే రంగు పారవేశాడు. నాలుగో ఇస్పేటు పోయింది, కళావరు కూడా పోయింది, కాంట్రాక్ట్ ఒక ట్రిక్కు తక్కువలో ఓడింది. చేతులు తెరిచి చూస్తే పడమర దగ్గర ఇస్పేటు జాకీ, 10, 8, 6. ఆటీను రాణి, 8, 3. డైమను 6, 4. కళావరు రాజు, రాణి, జాకీ, 9 ఉన్నాయి. నా పార్ట్‌నర్ వయసులోనూ అనుభవంలోనూ నాకంటే పెద్దవారు. నన్నేమీ అనకుండా ఒక్క ప్రశ్న వేశారు: "ఆ మొదటి రాజును గెలవనిచ్చి ఉంటే ఏమయ్యేదో ఇంటికి వెళ్ళి పరచి చూస్తారా?"

పరచి చూశాను. మొదటి ట్రిక్కులో కళావరు 5 వేసి రాజును గెలవనిస్తే నాకు నష్టమేమీ లేదు, ఎందుకంటే ఆసు నా దగ్గరే ఉంది, తక్కిన మూడు రంగుల్లో ప్రత్యర్థులు వెంటనే తీసుకోగల ట్రిక్కు ఒక్కటీ లేదు. పడమర కళావరు రాణి ఆడితే ఆసుతో తీసుకుంటాను. ఇప్పుడు నా చేతిలో కళావరు 10 మిగిలింది, దానికి అడ్డు పడమర చేతిలోని జాకీ. ఆటీను ఆసు ఆడి, 6తో డమ్మీ రాజును చేరి, అక్కడి నుంచి డైమను మీద నా చేతికి తిరిగి వచ్చి, మొత్తం నాలుగు డైమన్లు ఆడేసరికి ప్రతి చేతిలో అయిదు ముక్కలు మిగులుతాయి. డమ్మీలో నాలుగు ఇస్పేట్లూ ఒక పనికిరాని ముక్కా ఉంటాయి. నా చేతిలో మూడు ఇస్పేట్లు, కళావరు 10, చివరి డైమను. పడమర నాలుగు ఇస్పేట్లనూ కళావరు జాకీనీ పట్టుకుని ఉండాలి, ఆ అయిదుకు మించి చోటు లేదు. చివరి డైమను పడగానే అతను ఏదో ఒకటి వదలక తప్పదు. జాకీని వదిలితే నా 10 గెలుస్తుంది, ఇస్పేటు వదిలితే డమ్మీలోని 4 గెలుస్తుంది.

పడమర రెండో ట్రిక్కులో తెలివిగా ఇస్పేటుకు మారితే ఏమవుతుందో కూడా చూశాను. డమ్మీలో గెలిచి, కళావరు ఆసును ముందే తీసేసుకుని, అదే దారిలో నడిస్తే నాలుగు ముక్కల దగ్గర అదే చిక్కు ఎదురవుతుంది. ఆసుతో మొదటి ట్రిక్కు తీసుకున్నాక మాత్రం ఏ దారీ లేదు. ఆ తరువాత ఏ రంగులో ట్రిక్కు వదిలినా, పడమర వెంటనే కళావరు రాణిని గెలుచుకుని కాంట్రాక్ట్‌ను ఓడిస్తాడు. ఈ అమరికలో మొత్తం ఆట ఆ మొదటి ముక్క మీదే తేలిపోయింది, పన్నెండు ట్రిక్కులు ఇంకా ఆడవలసి ఉండగానే. వల్నరబుల్ (బోనసులూ జరిమానాలూ పెరిగే స్థితి) కానప్పుడు ఆరు నో ట్రంప్ గెలిస్తే 990 పాయింట్లు, ఒకటి తగ్గితే 50 నష్టం. ఆ తేడా అంతా ఒక చిన్న కళావరు 5 వేయడంలో ఉంది.

అంకెల్లోనూ చూడాలి. ఆరు ముక్కలు రెండు చేతుల మధ్య 3-3గా పడే అవకాశం సుమారు 35.5 శాతం, 4-2గా పడేది సుమారు 48.5 శాతం. నేను ఆడినట్లు ఆడితే ఆ 35.5 మీదే ఆధారపడాలి. కళావరు వదిలి ఆడితే 3-3 అవకాశం ఎక్కడికీ పోదు, దానికి తోడు పడమర దగ్గర నాలుగో అంతకంటే ఎక్కువో ఇస్పేట్లున్న ప్రతి అమరికా కలుస్తుంది. పడమర దగ్గర కళావర్లు ఎక్కువగా ఉండవచ్చు కనుక కొంచెం తగ్గించుకున్నా, గెలిచే అవకాశం మూడింట రెండు వంతుల దరిదాపుల్లోకి వస్తుంది. ఖర్చు ఏమీ లేని ఆటలో అవకాశాలు దాదాపు రెట్టింపు కావడం కంటే నేర్చుకునేవారికి ఇంకేం ప్రోత్సాహం కావాలి?

స్క్వీజ్ ఆడాలంటే పడ్డ ముక్కలన్నీ గుర్తుపెట్టుకోవాలన్న భయం చాలామందిని దీని దగ్గరకు రానివ్వదు. నన్నూ రానివ్వలేదు. ఈ చేతిలో నిజంగా గమనించవలసింది ఎంత? కళావరు జాకీ పడిందా లేదా అన్నది ఒకటే. అది పడితే నా 10 గెలుస్తుంది. పడకపోతే ఇస్పేట్లు పైనుంచి ఆడుకుంటూ పోవడమే, 4 గెలుస్తుందో లేదో దానంతట అదే తేలుతుంది. ఆటీనుల్లో రాణి ఎప్పుడు పోయింది, డైమను 9 ఎవరి దగ్గర ఉంది అన్నవాటితో సంబంధమే లేదు. ఏది చూడాలో ముందే తెలిసినవారికి చూడవలసినవి చాలా తక్కువ. ఏది చూడాలో తెలియకే మనం అన్నిటినీ చూడబోయి అలసిపోతాం. ఫినెస్ వేసే ముందు ప్రత్యర్థుల వేలంపాటనూ, వారు పారవేసిన ముక్కలనూ, అమరికలనూ కలిపి బేరీజు వేయడం దీనికంటే బరువైన పని అని నా అనుభవం.

ఎదుటి వాదన బలమైనదే, దాన్ని తేలికగా తోసిపుచ్చను. స్క్వీజ్ అరుదుగా వస్తుందనీ, కొత్తవారు తురుపులు సరిగా తీయడం, ఎంట్రీలు (ఒక చేతి నుంచి ఇంకొక చేతికి చేరే దారులు) కాపాడుకోవడం రాకుండానే దీని వెంట పడితే చేతిలో ఉన్నదీ పోతుందనీ అనుభవజ్ఞులు అంటారు. రెండో మాటతో నాకు పేచీ లేదు. పోయే ట్రిక్కును ముందే ఇచ్చేయడం ప్రమాదం లేనప్పుడు మాత్రమే సరి. ప్రత్యర్థికి గెలిచే ముక్కలు సిద్ధంగా ఉన్న రంగు ఇంకొకటి ఉంటే ఆ వదలడం ఆత్మహత్యే. ఆ విచక్షణ రావాలంటే ప్రాథమికాంశాలు గట్టిగా ఉండాలి. మొదటి మాటను మాత్రం ఒప్పుకోలేను. స్క్వీజ్ అరుదుగా కనిపిస్తుందంటే, వచ్చినప్పుడు మనం గుర్తించకపోవడం అందులో పెద్ద కారణం. జోడీల పోటీలో వల్నరబుల్ కానప్పుడు మూడు నో ట్రంప్ (తొమ్మిది ట్రిక్కుల కాంట్రాక్ట్) ఆడి పది ట్రిక్కులు చేసినవారికి 430, పదకొండు చేసినవారికి 460 వస్తుంది. ఆ ముప్పై పాయింట్లే సగం బల్లల మీద ఉన్నవారిని వెనక్కి నెట్టవచ్చు. ఓవర్‌ట్రిక్ (కాంట్రాక్ట్‌కు మించిన ట్రిక్కు) కోసం జరిగే ఈ చిన్న పోరులో ప్రత్యర్థి రెండు రంగులను కాపాడలేక తడబడటం అరుదైన సంగతి కాదు. నేను చూడటం మొదలుపెట్టాక, ఒక సాయంత్రం ఆటలో ఇలాంటి సందర్భం ఒకటైనా తారసపడకపోతే ఆశ్చర్యపోయే స్థితికి వచ్చాను.

"గెలిచే ముక్కలన్నీ ఆడేస్తూ పో, ఎవరో ఒకరు తప్పు ముక్క పారవేస్తారు" అన్న సలహా కూడా తరచుగా వినిపిస్తుంది. అది ఉపయోగపడే సలహాయే, డిఫెండర్లు, అంటే డిక్లేరర్ ప్రత్యర్థులు, పొరబడటం నిజమే. కానీ దానితోనే తృప్తి పడిన డిక్లేరర్ నా చేతిలోని మొదటి ట్రిక్కును ఎన్నడూ వదలడు. ఇంకొక ప్రమాదం కూడా ఉంది. వరస చూడకుండా గెలిచే ముక్కలన్నీ ఆడేస్తే, బెదిరింపు ముక్క దగ్గరకు వెళ్ళే దారి మనమే మూసేసుకుంటాం, లేదా ఆటీను రాజు డమ్మీకి మారినప్పుడు చూసినట్లు, ప్రత్యర్థి కంటే ముందు మన డమ్మీయే ఇరుకున పడుతుంది.

వదులుకోవడమనే ఈ గుణం మరింత అందంగా కనిపించేది "వియన్నా కూ" అనే ఎత్తులో. బ్రిడ్జ్‌కు ముందుతరం ఆట అయిన విస్ట్ కాలం నుంచీ ఈ ఎత్తు ఉంది. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ కాంట్రాక్ట్ బ్రిడ్జ్‌కు కొత్త స్కోరింగ్ పద్ధతి రూపొందించే నాటికే అది పాతబడిన విద్య. డమ్మీలో ఆటీను ఆసు, మీ చేతిలో ఆటీను రాణి, ప్రత్యర్థి దగ్గర రాజు ఉన్నాడనుకోండి. సహజంగా ఎవరైనా ఆసును చివరిదాకా దాచుకుంటారు, ఎందుకంటే దాన్ని ఆడేస్తే ప్రత్యర్థి రాజే ఆ రంగుకు అధిపతి అవుతాడు. వియన్నా కూలో ఆసును ముందే ఆడేస్తారు. దాంతో ప్రత్యర్థికి గెలిచే ముక్కను చేజేతులా తయారుచేసి ఇచ్చినట్లు కనిపిస్తుంది. నిజానికి మీ రాణి ఇప్పుడు మీ చేతిలో విడిగా నిలబడ్డ బెదిరింపు ముక్క, డమ్మీలో ఆసు ఆక్రమించిన చోటు ఖాళీ అయింది, అక్కడ ఇక పారవేయడానికి తగిన ముక్క ఉంటుంది. ఒకవైపే పనిచేసే స్క్వీజ్ ఇరువైపులా పనిచేసేదిగా మారిపోతుంది. పన్నెండు ముక్కల అభ్యాసంలో రాజు మీ చేతిలో ఉన్నప్పుడు జరిగినది ఇదే. ఈ ఎత్తును పేరుగా నేర్చుకోకుండా ఆ అభ్యాసం ద్వారానే కనుక్కున్నవారు దాన్ని బల్ల దగ్గర గుర్తుపట్టగలరని నా నమ్మకం.

ఇద్దరు ప్రత్యర్థులనూ ఒకరి తరువాత ఒకరిని ఇరికించే డబుల్ స్క్వీజ్, రెండు చేతుల్లోనూ పెద్ద ముక్కలు ఒంటరిగా నిలిచే క్రిస్‌క్రాస్, తురుపు శక్తితో నడిచేది, పోయేవి రెండు ఉన్నా నడిచేది, ఇలా మిగతా శాఖలు చాలా ఉన్నాయి. వాటిని మాత్రం నిజంగానే తరువాతకు వదలవచ్చు. డబుల్ స్క్వీజ్ కూడా మూలంలో రెండు మామూలు స్క్వీజ్‌లే. ఇద్దరూ కాపాడవలసిన రంగు ఒకటి ఉమ్మడిగా ఉంటుంది, తక్కిన రెండు రంగుల్లో చెరొకదానికి ఒక్కొక్కరే కాపలా. ఒక రంగును కాపాడుతున్నందువల్ల పడమరా, ఇంకొక రంగును కాపాడుతున్నందువల్ల తూర్పూ ఉమ్మడి రంగును వదిలేయవలసి వస్తుంది. మామూలు స్క్వీజ్ చేతికి అలవాటైనవారికి ఇది కొత్త విద్యగా అనిపించదు.

ఆ ఆరు నో ట్రంప్ చేతి తరువాత ఏడాదికి కాబోలు, దాదాపు అలాంటిదే ఇంకొకటి వచ్చింది. ఈసారి ఆటీను రాజుతో లీడ్. నా దగ్గర ఆసు, 10, చిన్నది. మొదటి ట్రిక్కు వదిలేశాను. లీడ్ చేసిన ప్రత్యర్థి తన రాజు గెలిచినందుకు ఒక్క క్షణం నా వైపు ఆశ్చర్యంగా చూసి, రాణి ఆడాడు. అన్నీ అనుకున్న వరుసలోనే జరిగాయి, చివరి కళావరు మీద పడమర ఏ ఇబ్బందీ లేకుండా ఒక ఇస్పేటు పారవేశాడు. ఇస్పేట్లు ఆడి చూస్తే నాలుగూ తూర్పు దగ్గర ఉన్నాయి. కాంట్రాక్ట్ మళ్ళీ ఒకటి తక్కువలోనే ఓడింది. పార్ట్‌నర్ స్కోరు రాస్తూ, "ఈసారి సరిగ్గా ఆడారు" అన్నారు. తరువాతి చేతి ముక్కలు తీసుకుని సర్దుకుంటూ ముందుగా నా గెలిచే ట్రిక్కులు లెక్కపెట్టుకున్నాను.